ఇంతకీ ఆ పిల్ల పేరేంటి?

థ్రిల్లర్ సినిమాలు తీసే దర్శకులకు, రాసే రచయితలకు, కోసి కూర్చే ఎడిటర్లకు, వాటికి సంగీతం కట్టేవాళ్లకు ముందుగా నా నమస్కారం. మీ సినిమాలు చూస్తూ పెరిగినదాన్ని, ఇప్పటికీ మానలేనిదాన్ని. ఈ రోజు మీ నేర్పును పొగడాలని కూర్చున్నాను.

పొగడ్తకు మన భాషలో ఒక పాత దారి ఉంది. కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో ఆంధ్రనాయకుడి ఎదుట నిలబడి కాసుల పురుషోత్తమ కవి ఆ దారిలోనే శతకం చెప్పాడు. స్వామీ, నీ ఘనత ఇదీ అంటూనే నువ్వు చేసింది ఏమిటని నిలదీశాడు. భద్రాచలం రామదాసు చెరసాల్లో కూర్చుని, తను చేయించిన నగల లెక్కంతా రాముడికే అప్పజెప్పాడు. పరాయివాళ్లతో అలా ఎవరూ మాట్లాడరు. చనువు ఉన్నచోటే ఆ మాట వస్తుంది. మీ దగ్గర నాకు ఆ చనువు ఉంది. కింద రాసిన ప్రతి పొగడ్తా నా మనసులోదే, దాని వెనక ఉన్న బాధా నా మనసులోదే.

పోయిన వేసవిలో అమ్మనూ తమ్ముణ్ణీ తీసుకుని విజయవాడలో ఒక థ్రిల్లర్‌కి వెళ్లాను. అమ్మకి డెబ్బై రెండేళ్లు. పెళ్లికి ముందు కొమ్మూరి సాంబశివరావు నవలలు అద్దె షాపు నుంచి తెచ్చుకుని, తాతయ్యకి తెలియకుండా క్లాసు పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివిన మనిషి. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఇప్పటికీ ఆవిడకి ఇంటి చుట్టాల కింద లెక్క. ఏ సినిమాకి తీసుకెళ్లినా హంతకుడెవరో ఇంటర్వెల్ లోపు నా చెవిలో చెప్పేస్తుంది.

సినిమా మొదలవగానే వాన. ఒక అమ్మాయి పరుగెడుతోంది. చెప్పు తెగింది. దాన్ని అక్కడే వదిలేసి ఒంటి చెప్పుతో పరుగెడుతోంది. వెనక రెయిన్‌కోటు వేసుకున్న నీడ. నోటి మీద గ్లౌజు వేసిన చెయ్యి. కట్ చేస్తే తెల్లారింది. కాలవ గట్టు మీద శవం, చుట్టూ పసుపుపచ్చ టేపు, క్లూస్ టీమ్, పోలీసు కుక్క. తరవాత హీరో బూట్లు, హీరో కళ్లజోడు, హీరో ముఖం. అక్కడి నుంచి రెండున్నర గంటలు మమ్మల్ని సీట్లో కదలనివ్వలేదు. తమ్ముడు కొనుక్కున్న పాప్‌కార్న్ సగం అలాగే ఉండిపోయింది.

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాం. తమ్ముడు ట్విస్టు గురించి చెబుతున్నాడు, నేను ఫోటోగ్రఫీ బాగుందంటున్నాను. అమ్మ మధ్యలో అడిగింది.

"ఇంతకీ ఆ కాలవ గట్టు పిల్ల పేరేంటే?"

నేను తమ్ముడి వంక చూశాను. వాడికి హీరో నడిపిన బండి ఏ కంపెనీదో తెలుసు. హంతకుడు వాడిన మత్తుమందు పేరు తెలుసు. ఆ పిల్ల పేరు తెలీదు. ఫోన్ తీసి వెతికాడు. నటీనటుల జాబితాలో ఆ అమ్మాయి లేదు. "ఏదో చెప్పుంటార్లేమ్మా, మనం వినుండం" అన్నాడు.

"పేరు లేకుండా ఎట్టా చచ్చిపోతార్రా ఎవరైనా?" అంది అమ్మ.

మీ మొదటి ఘనత నాకు ఆ రోజు తెలిసింది. హాల్లో వందల మందిమి కూర్చున్నాం. కూతుళ్లున్నవాళ్లం, చెల్లెళ్లున్నవాళ్లం. ఒక ఆడపిల్ల ప్రాణం పోవడంతో మొదలైన కథని చివరిదాకా కళ్లార్పకుండా చూశాం. ఆ పిల్ల ఎవరు, ఏం చదివింది, ఆ వానలో ఎక్కణ్ణుంచి వస్తోంది అని అడగాలని మాకు తోచలేదు. మనుషుల దృష్టిని ఇంతగా కట్టేయడం సామాన్యమైన విద్య కాదు. పరుగెత్తే కాళ్లు చూపించారు, తెగిన చెప్పు చూపించారు, భయపడిన కళ్లు చూపించారు. మనిషిని మాత్రం చూపించలేదు. ఆ మనిషి లేదన్న సంగతి మాకు తట్టనివ్వనూ లేదు.

శబ్దం విషయంలో మీకు సాటి లేరు. ఉలిక్కిపడేలా చేయడం ఎలాగో సినిమా చాలా కాలం కిందటే కనిపెట్టింది. 1942లో వచ్చిన 'క్యాట్ పీపుల్'లో ఒకామె రాత్రిపూట పార్కు గోడ పక్కన ఒంటరిగా నడుస్తుంటుంది. వెనక అడుగుల చప్పుడు. కాసేపటికి అదీ ఆగిపోతుంది. ఏదో మీద పడబోతోందని మనం బిగుసుకున్న క్షణంలో బుస్సుమంటూ ఒక సిటీ బస్సు వచ్చి ఆగుతుంది. అంతే. ఆ సినిమా నిర్మాత వాల్ లూటన్ పేరు మీద ఈ ఎత్తుగడని సినిమావాళ్లు ఇప్పటికీ 'లూటన్ బస్సు' అంటారు. దీని కిటుకు తేలికే. ముందు నిశ్శబ్దంతో చెవిని సాగదీయాలి. ఏ చిన్న చప్పుడైనా పట్టుకోవాలని చెవి ఆరాటపడుతున్నప్పుడు పెద్ద శబ్దం వదలాలి. ఆలోచన మేలుకునే లోపే ఒళ్లు ఎగిరిపడుతుంది. దాన్ని ఆపడం ఎవరి చేతా కాదు, డెబ్బై రెండేళ్ల మా అమ్మ చేత కూడా కాలేదు. విజయవాడలో చూసిన ఆ సినిమాలో ఆవిడ నా చెయ్యి పట్టుకున్న ప్రతిసారీ గోళ్ల గుర్తులు పడ్డాయి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న సరంజామా ఆ బస్సు కంటే చాలా పెద్దది. గోడల్లో స్పీకర్లు, కప్పులో స్పీకర్లు, సీటు కింద నుంచి పొట్టలోకి పాకే లోగొంతు. రీరికార్డింగ్ దగ్గర మీరు ఎన్ని రాత్రులు మేలుకుంటారో నాకు తెలుసు. అందుకే ఈ మాట చెబుతున్నాను. నేను చూసిన ఆ సినిమాలో అలాంటి ఉలికిపాట్లు పదకొండు ఉన్నాయి, లెక్కపెట్టాను. తలుపు, పిల్లి, ఫోను, భుజం మీద స్నేహితుడి చెయ్యి. అన్నీ అద్భుతంగా పేలాయి. కూతురు శవాన్ని గుర్తు పట్టడానికి తండ్రి మార్చురీకి వచ్చిన సీను ఒకటుంది. దానికి మీరు ఇచ్చింది పది సెకన్లు. ఆ పది సెకన్లలో కూడా వినిపించింది తండ్రి గొంతు కాదు, హీరోకి క్లూ దొరికిందని చెప్పే బీటు. మా ఒంటిని పదకొండుసార్లు కదిలించిన మీ శబ్దం మా మనసుని ఒక్కసారి కూడా తాకకుండా జాగ్రత్తపడింది. అంత అదుపు ఉన్నవాళ్లు మీరు.

ఇక దాచడం. హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడు త్రుఫోతో మాట్లాడుతూ ఒక ఉదాహరణ చెప్పాడు. టేబుల్ దగ్గర ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుంటారు. ఉన్నట్టుండి బాంబు పేలితే ప్రేక్షకుడికి పదిహేను సెకన్ల ఆశ్చర్యం. టేబుల్ కింద బాంబు ఉందని ముందే ప్రేక్షకుడికి చెప్పి, అదే కబుర్లు వినిపిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ. చెప్పడంలోనే బలముందని ఆయన నమ్మాడు. ప్రేక్షకుడికి తెలిస్తే ఆ ఇద్దరి కోసం ఆరాటపడతాడు, లేచి పొమ్మని మనసులో అరుస్తాడు. వాళ్లు అతని మనుషులైపోతారు.

మీరు దాచడాన్ని ఎంచుకున్నారు. అందులో మీరు ఎంత దూరం వెళ్లారంటే, చివరి పావుగంటలో దొరికే హంతకుడు అంతకుముందు రెండు గంటల్లో మా కంటికే కనపడడు. కనపడినా జనంలో ఒక భుజంగా కనపడతాడు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల రచయిత డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాసిపెట్టాడు. అపరాధి కథ మొదట్లోనే పాఠకుడికి పరిచయమై ఉండాలన్నది అందులో మొదటిది. చదివేవాడికీ రాసేవాడికీ మధ్య అదొక పెద్దమనుషుల ఒప్పందం. కొమ్మూరి నవలలు చదివిన మా అమ్మ ఆ ఒప్పందాన్ని నమ్మే తెర వంక చూస్తుంది. తోటమాలి ఎక్కడ నిలబడ్డాడో, డాక్టరు ఎడమ చేత్తో ఎందుకు రాశాడో గుర్తుపెట్టుకుంటుంది. ఆ రోజు హంతకుడు ముసుగు తీశాక ఆవిడ అంది, "ఈ అబ్బాయిని ఇంతకుముందు చూపించారా?" చూపించలేదు. ఆవిడ తెలివిని ఓడించడానికి మీకు అంతకంటే ఖాయమైన దారి లేదు. మీరు గెలిచారు.

అనుమానితుల విషయంలో మీ ఎంపిక చూసినా ఆశ్చర్యమే. మొదట పట్టుబడేది అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. తరవాత మతిస్థిమితం లేక రోడ్డు మీద తిరిగే మనిషి. ఆ తరవాత బస్తీలో పాత నేరమున్న కుర్రాడు. వాళ్ల ముఖం మీద కింద నుంచి లైటు వేస్తే చాలు, మేము నమ్మేస్తాం. ఎందుకంటే వీధిలో కూడా మేము ముందు వాళ్లనే అనుమానిస్తాం. మాలో ఉన్న మురికి మీకు బాగా తెలుసు, దాని మీద మీ కథని నిలబెట్టారు. ఆ కుర్రాణ్ణి స్టేషన్లో వేలాడదీసి కొడతారు. హీరో చేతి మీద నరాలు ఉబ్బుతాయి, వెనక సంగీతం లేస్తుంది, హాల్లో ఈలలు. అరెస్టయిన మనిషిని ఎలా చూడాలో సుప్రీంకోర్టు 1996లో డి.కె. బసు కేసులో వివరంగా చెప్పింది. ప్రతి పోలీసు స్టేషన్లో కెమెరాలు పెట్టాలని 2020లో మళ్లీ చెప్పింది. కోర్టు అన్నేళ్లుగా చెబుతున్న మాటని ఒక్క పాటంత సేపట్లో మా చేత మరిపించగలిగారు. అరగంట తరవాత ఆ కుర్రాడు నిర్దోషి అని తేలుతుంది. అప్పటికి మీరు మమ్మల్ని వేరే ఊరికి తీసుకుపోతారు. వాడు లేచి ఇంటికెలా వెళ్లాడో, వాళ్లమ్మ వాడి వీపు చూసి ఏమందో ఏ సినిమాలోనూ చూడలేదు.

ఫోరెన్సిక్ గురించి ఒక్క మాట చాలు. డీఎన్ఏ రిపోర్టు పొద్దున పంపితే మధ్యాహ్నానికి హీరో టేబుల్ మీద ఉంటుంది. ల్యాబు కాగితం కోసం నెలల తరబడి కోర్టు మెట్ల మీద కూర్చునే కుటుంబాలు మీ సినిమా చూస్తే, తమ కేసులో మాత్రమే ఎవరో కావాలని ఆలస్యం చేస్తున్నారని అనుకుంటాయి.

హంతకుడి మనసుని మీరు విప్పే తీరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. చివర్లో ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది. రంగు మారుతుంది, బాల్యం కనిపిస్తుంది. పిల్లవాణ్ణి ఎవరో వెక్కిరించారు, తల్లి కొట్టింది, ఒక జబ్బు. 2018లో తమిళంలో వచ్చిన 'రాక్షసన్', మరుసటి ఏడాది తెలుగులో వచ్చిన 'రాక్షసుడు' గట్టి పనితనం ఉన్న సినిమాలు, నేను రెండూ చూశాను. రెండింట్లోనూ హంతకుడు చిన్నప్పుడే ముసలితనం మీద పడిన జబ్బు మనిషి. తోటి పిల్లలు నవ్వారు, అందుకని బడిపిల్లల్ని చంపుతాడు. అతని బాల్యం నాకు ఇప్పటికీ గుర్తుంది. చనిపోయిన బడిపిల్లల్లో నాకు బాగా గుర్తున్నది ఒక్క పిల్లే, హీరో మేనకోడలు. హీరోకి చుట్టమైంది కాబట్టి ఆ పిల్లకి ఇల్లు దొరికింది, నవ్వు దొరికింది, ఏడ్చే తల్లి దొరికింది. మిగతా పిల్లలకి మేనమామలు పోలీసులు కారు.

2022లో వచ్చిన 'హిట్' రెండో కేసులో విశాఖలో ఒక ఆడమనిషి శవం దొరుకుతుంది. అది ఒక మనిషిది కాదని, వేర్వేరు ఆడవాళ్ల శరీర భాగాలు అక్కడ కూర్చారని తరవాత తెలుస్తుంది. వినగానే వెన్ను జలదరించే ఊహ. ఆ ఒక్క దృశ్యంలో ఈ కళ తాలూకు గుట్టంతా నాకు కనపడింది. ఇంతమంది ఆడవాళ్ల జీవితాలు కలిసి ఒక్క క్లూ అయ్యాయి. హంతకుడు వాళ్లని ముక్కలు చేశాడు. కథ కూడా వాళ్లని ముక్కలుగానే వాడుకుంది.

పైగా మీరు చూపించే హంతకుడు ఎప్పుడూ బయటివాడే. ముసుగు వేసుకున్న అపరిచితుడు, మనసు చెదిరిన మేధావి. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద హత్యకు గురైన స్త్రీలూ ఆడపిల్లలూ సుమారు 85 వేల మంది. వాళ్లలో 51 వేల మందికి పైగా చనిపోయింది భర్త చేతిలోనో, సహచరుడి చేతిలోనో, సొంత కుటుంబంలో మరొకరి చేతిలోనో. రోజుకి సగటున 140 మంది. రెయిన్‌కోటు వేసుకుని వానలో వెంటపడేవాడి కంటే వంటింట్లోకి మామూలుగా నడిచొచ్చేవాడే ఎక్కువమందిని చంపుతున్నాడు. మానసిక జబ్బున్నవాళ్లలో అత్యధికులు ఎవరికీ హాని చెయ్యరని డాక్టర్లు మొత్తుకుంటున్నారు. మీ నేర్పు ఈ రెండు నిజాలనీ ఒకేసారి తలకిందులు చేసింది. ఇంట్లో ఉన్నవాడి మీద మాకు నమ్మకం ఇచ్చింది, మందులు వేసుకుంటూ ఉద్యోగానికి వెళ్లే పక్కింటి అబ్బాయి మీద భయం ఇచ్చింది.

ఒకసారి షూటింగ్ చూశాను. ఏ సినిమా అన్నది అనవసరం. తెలిసిన అమ్మాయి ఒకరు అసిస్టెంట్ డైరెక్టరుగా పనిచేస్తుంటే శంకర్‌పల్లి వైపు ఒక చెరువు దగ్గరికి తెల్లవారుజామున తనతో వెళ్లాను. జనవరి చలి. శవం దొరికే సీను. శవంగా పడుకోవాల్సింది కృష్ణానగర్ నుంచి జూనియర్ ఆర్టిస్టుల వ్యానులో వచ్చిన అమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయేమో. బుగ్గ మీద నీలం, మెడ మీద తాడు గుర్తు, జుట్టులో నాచు. మేకప్ అతను ఎంత శ్రద్ధగా వేశాడో. చలికి ఆ అమ్మాయి పెదాలు నిజంగానే నీలంగా మారాయి. బురదలో పడుకుని ఊపిరి బిగబట్టాలి. క్రేను మీద కెమెరా కిందికి దిగేవరకూ పొట్ట కదలకూడదు. ఏడో టేకుకి గానీ ఓకే కాలేదు.

మధ్యలో టిఫిన్ బ్రేక్ ఇచ్చారు. ప్రొడక్షన్ కుర్రాడు ప్లేట్లు పంచుతూ అరిచాడు, "డెడ్‌బాడీకి ఇడ్లీ ఇచ్చారా అన్నా?" ఎవరూ నవ్వలేదు. వాళ్లకది రోజువారీ మాట. కాల్‌షీటులో కూడా అలాగే ఉంది. హీరో పేరు, ఎస్సై వేషం వేసేవాళ్ల పేరు, జనం నలభై, డెడ్‌బాడీ ఒకటి. ఆ అమ్మాయి దుప్పటి కప్పుకుని, మెడ మీద రంగు చెరిగిపోకుండా తల ఒక పక్కకి వంచి ఇడ్లీ తింటోంది. పక్కన కూర్చుని పలకరించాను. సినిమాలో నీ పాత్ర పేరేంటమ్మా అని అడిగాను. "తెలీదు మేడమ్, శవం అన్నారు" అంది.

ఆ అమ్మాయి పనితనానికి ఆ రోజు చప్పట్లు కొట్టాలనిపించింది. ఏడు టేకులు ఊపిరి ఆపగలిగింది. ఆ కథలో తన బతుకు గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు కాబట్టి ఆమె చేయగలిగింది అదొక్కటే.

ఈ విద్య పుట్టినప్పుడు ఇలా లేదు, అందుకే నా బాధ. 1931లో ఫ్రిట్జ్ లాంగ్ జర్మనీలో 'ఎం' తీశాడు. పిల్లల్ని చంపేవాడి కథ, ఈ తరహా సినిమాలన్నిటికీ ముత్తాత. అందులో మొదట ఒక తల్లి బట్టలు ఉతుకుతూ ఉంటుంది. బడి వదిలే వేళ అవుతుంది. బల్ల మీద కూతురి కోసం కంచం పెడుతుంది. అవతల వీధిలో పిల్ల బంతి ఆడుకుంటూ వస్తుంది. ఎవరో ఒకతను బెలూన్ కొనిస్తాడు, అతని ఈల వినిపిస్తుంది. ఇంట్లో గడియారం తిరుగుతుంది. మెట్ల మీద అలికిడైతే తల్లి పరుగున వెళ్లి చూస్తుంది, వచ్చినవాళ్లు వేరే పిల్లలు. "ఎల్సీ" అని పిలుస్తుంది. ఖాళీ మెట్లు. మళ్లీ పిలుస్తుంది. ఆరేసిన బట్టలున్న ఖాళీ అటక. ఖాళీ కుర్చీ ముందు వాడని కంచం. గడ్డిలోకి బంతి దొర్లుకుంటూ వచ్చి ఆగుతుంది. తీగల్లో బెలూన్ చిక్కుకుని కాసేపు కొట్టుకుని ఎగిరిపోతుంది.

నెత్తురు బొట్టు లేదు. శవం లేదు. భయపెట్టే వాద్యం లేదు, ఒక తల్లి గొంతు ఉంది. ఎల్సీ బెక్‌మన్ అనే ఆ పిల్ల పేరు తొంభై ఏళ్లు దాటినా సినిమా చూసినవాళ్లకి గుర్తుంది. చివరి మాటలు కూడా లాంగ్ తల్లులకే వదిలాడు.

హిచ్‌కాక్ 1960లో 'సైకో' తీసి కథానాయికని సినిమా సగంలోనే చంపేశాడు. అయినా మరియన్ క్రేన్ దొంగిలించింది నలభై వేల డాలర్లని, ఎందుకు దొంగిలించిందో, తప్పు దిద్దుకోవాలని ఎప్పుడు అనుకుందో అప్పటికి మనకు తెలుసు. మిగతా సగమంతా ఆమె కోసం తోడబుట్టింది వెతుకుతుంది. చిట్టచివరి దృశ్యం బురదలోంచి గొలుసుతో లాగుతున్న ఆమె కారు. హంతకుడి జబ్బు గురించి డాక్టరు ఉపన్యాసమిచ్చే అలవాటు మీకు ఆ సినిమా నుంచే వచ్చింది. ఉపన్యాసం తీసుకున్నారు. వెతికే అక్కచెల్లెళ్లని అక్కడే వదిలేశారు.

మన దగ్గరా చేతనైనవాళ్లు ఉన్నారు. వంశీ 1985లో తీసిన 'అన్వేషణ'లో అడవే భయపెడుతుంది. పులి చంపుతోందని ఊరంతా నమ్మే చోట మనిషి పాపాన్ని చూపించాడు. అడవిలో తిరిగే ఆ అమ్మాయికి సంగీతం మీద పరిశోధన అనే సొంత పని ఉంది, ఆమె హీరో కోసం అక్కడ లేదు. చంద్రశేఖర్ యేలేటి 'అనుకోకుండా ఒక రోజు'లో ప్రమాదంలో పడిన పిల్లే తన జీవితంలో మాయమైన ఒక రోజుని తనే వెతుక్కుంటుంది. 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' రైలు పట్టాల పక్కన దొరికే అనాథ శవాలని, ఎవరూ అడగని శవాలనే కథ చేసుకుంది. 'దృశ్యం'లో చనిపోయింది తప్పుడు పని చేసిన కుర్రాడు. అయినా వాడి తల్లిదండ్రులు చివర్లో వచ్చి, మా వాడు ఉన్నాడా లేడా అని రాంబాబు ముందు నిలబడతారు. అతను తల దించుకుని క్షమించమంటాడు. మా అమ్మ ఆ సీను దగ్గర ఏడ్చింది. థ్రిల్లర్ చూస్తూ ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే. ఈ సినిమాల్లో ఉత్కంఠ ఎక్కడా తగ్గలేదు. పోయినవాళ్ల కోసం మన గుండె పట్టుకుని ఉండబట్టే అది పెరిగింది.

అందుకే ఇంత చనువుగా అడుగుతున్నాను. మీకు చేతకాదని కాదు, మీకు అన్నీ చేతనవును. చీకటిని ఎంత మేర వదలాలో తెలుసు. తలుపు ఎప్పుడు కిర్రుమనాలో తెలుసు. మమ్మల్ని రెండున్నర గంటలు సీటుకి కట్టేయడం తెలుసు. మీ తరవాతి స్క్రిప్టు మొదటి పేజీలో, డెడ్‌బాడీ అని రాయబోయే చోట, ఒక్క నిమిషం ఆగండి. ఆ అమ్మాయికి ఒక పేరు పెట్టండి. వానలో ఎక్కణ్ణుంచి వస్తోందో రాయండి. ఆ రాత్రి ఆమె కోసం ఇంట్లో ఎవరు అన్నం మూతపెట్టి ఉంచారో ఒక్క షాట్ తీయండి. చెరువు గట్టున చలిలో పడుకోబోయే ఆర్టిస్టు అమ్మాయికి పొద్దున్నే ఆ పేరు చెప్పండి. టైటిల్స్‌లో ఆ పాత్ర పేరూ వేయండి, ఆ అమ్మాయి పేరూ వేయండి.

మా అమ్మని మళ్లీ తీసుకొస్తాను.